తేనె అనే మాట: అర్థాలు, వాడుకలు, తేలని చిక్కులు

మాట పుట్టిల్లు

తేనె ద్రావిడ భాషల పాత సొత్తు. తమిళ, మలయాళాల్లో అది తేన్, కన్నడంలో జేను. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండో కూర్పు 1984) వీటన్నిటినీ ఒకే మూలం కిందికి చేర్చింది. తీపి, తీయన అనే మాటలు కూడా ఆ కుటుంబంలోవే. తేనె తీయగా ఉందని ఎవరైనా అన్నప్పుడు వాడిన రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే.

సంస్కృతంలోని మధు వేరే వంశం. తేనెను పులియబెట్టి చేసే పానీయానికి ఇంగ్లీషులో ఉన్న మీడ్ అనే పేరు, ద్రాక్షసారాకు గ్రీకులో ఉన్న మెథు అనే పేరు, తేనెకే రష్యన్‌లో ఉన్న మ్యోద్ అనే పేరు మధుకు చుట్టాలు. చైనీయుల మీ కూడా మధ్య ఆసియాలోని తొఖారియన్ భాష నుంచి వెళ్ళిన ఈ వంశపు మాటేనని భాషావేత్తలు చెబుతారు. గ్రీకు మెలి, లాటిన్ మెల్ మరో వంశం. ఇన్ని దేశాలు తిరిగిన మధు తెలుగులోకీ వచ్చింది. అయితే వంటింట్లో, అడవిలో, పొలంలో తేనె స్థానాన్ని అది తీసుకోలేదు. పూజకు, వైద్యానికి, కావ్యానికి మధువు, నాలుకకు తేనె. తెలుగులో ఈ పని పంపకం వెయ్యేళ్ళుగా సాగుతోంది.

పట్టు, పెర, జున్ను

కన్నడంలో జేను అంటే తేనె, తేనెటీగ, తేనెపట్టు మూడూ అవుతాయి. తమిళంలోనూ తేన్‌కు తేనె అనే అర్థంతో పాటు ఈగ అనే అర్థం ఉంది. తెలుగు ఇక్కడ విడిగా నడిచింది. తేనె అంటే ద్రవమే. పురుగును చెప్పాలంటే ఈగను చేర్చాలి, గూటిని చెప్పాలంటే పట్టునో, పెరనో, తుట్టెనో చేర్చాలి.

తేనెటీగ అనే సమాసంలోని ట వ్యాకరణం చదివినవారిని ఆగి చూసేలా చేస్తుంది. చిగురుటాకు, నిగ్గుటద్దం వంటి చోట్ల ఉకారం మీద టకారం వస్తుందని చిన్నయసూరి సూత్రం. తేనె చివర ఉకారం లేదు. అయినా పల్లెటూరులో వచ్చినట్టే ఇక్కడా ట వచ్చింది. ఇంటి, కంటి, ఏటి అనే రూపాల్లో కనిపించే పాత టి ప్రత్యయానికి ఇవి ఆనవాళ్ళని చెప్పుకోవచ్చు.

జున్ను, జుంటి అనే జంట ఇంకా ఆసక్తికరం. ఈనిన ఆవు, గేదె మొదటి పాలతో వండేది జున్ను అని అందరికీ తెలుసు. పాత కావ్యభాషలో జున్నుకు తేనెకు సంబంధించిన అర్థమూ ఉంది. జుంటితేనె, జుంటీగ అనే మాటల్లో ఉన్నది దాని రూపభేదమే. కన్ను కంటి, మిన్ను మింటి అయినట్టు జున్ను జుంటి అయింది. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలో లోభిని పోల్చడానికి తెచ్చిన పురుగు పేరు తేనెటీగ కాదు, జుంటీగే. నేటి బడిపిల్లలకు ఆ పద్యం కంఠతా వస్తుంది గాని, జుంటీగ ఏ ఈగో తెలియదు. వాడుకలోంచి జారిపోయిన మాట ఒక్క పద్యం ఆసరాతో బతకడం సంతోషమే. అది ఒక్క పద్యానికే పరిమితమై పోవడం మాత్రం బాధాకరం.

తేనె రకాలకు ఉన్న పేర్లు చాలావరకు చోటును బట్టి పెట్టినవే. చీమల పుట్టలో, చెట్టు తొర్రలో గూడు కట్టే ఈగలది పుట్టతేనె. కొండ చరియలకు, ఎత్తైన చెట్ల కొమ్మలకు పెద్ద పట్లు పెట్టే ఈగలది కొండతేనె. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి అంచున ఉన్న నల్లమలలో చెంచులు సేకరించేది అడవి తేనె. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొని సీసాల్లో అమ్ముతున్నది ఇలాంటి తేనెనే. ఇటాలియన్ ఈగలను పెట్టెల్లో పెంచడం మొదలయ్యాక పెట్టె తేనె అనే మాట కూడా వచ్చింది. పేరు చెబితే చోటు తెలుస్తుంది, చోటు తెలిస్తే ఈగ తెలుస్తుంది. ఇంగ్లీషులో తేనెకు ఎక్కువగా పూవును బట్టి పేరు పెడతారు. తెలుగు గూటిని చూసింది.

మధువు చేసిన ప్రయాణం

సంస్కృతం నుంచి వచ్చిన మాటలు రెండు దారుల్లో నడిచాయి. ఒకటి వైద్యం. చరకుడు తేనెను నాలుగు రకాలుగా, సుశ్రుతుడు ఎనిమిది రకాలుగా విభజించారు. మాక్షికం, భ్రామరం, క్షౌద్రం, పౌత్తికం ఇద్దరిలోనూ ఉన్నాయి. ఛాత్రం, ఆర్ఘ్యం, ఔద్దాలకం, దాలం సుశ్రుతుడు చేర్చినవి. ఈ పేర్లలో చాలావరకు తేనెను చేసిన పురుగును బట్టి వచ్చినవే. మధుమేహం అనే రోగనామం కూడా ఈ దారిలోనే తెలుగుకు చేరింది. కాని ఊళ్ళో ఎవరూ మధుమేహం వచ్చిందనరు, షుగరొచ్చిందంటారు. తేనె పేరుతో వచ్చిన రోగం చక్కెర పేరుతో స్థిరపడింది.

రెండోది ఆచారం. ఇక్కడే అన్నిటికన్నా దూరం నడిచిన మాట కనిపిస్తుంది: మధుపర్కం. పాత గృహ్యసూత్రాల్లో అది ఇంటికి వచ్చిన పూజ్యుడైన అతిథికి, పెళ్ళికొడుక్కి ఇచ్చే పెరుగు, నెయ్యి, తేనెల మిశ్రమం. తెలుగు పెళ్ళిళ్ళలో ఆ మర్యాదతో పాటు బట్టలు పెట్టేవారు. క్రమంగా పేరు గిన్నెను వదిలి బట్టకు పట్టుకుంది. నేడు చీరాల బట్టల కొట్లో మధుపర్కాలు అడిగితే ఎర్ర అంచు తెల్ల పంచ, చీర తెచ్చి ముందు పెడతారు. తేనె కలిపిన మిశ్రమానికి పేరుగా పుట్టిన మాట నేతగాడి మగ్గం మీద బట్టగా మారింది. అర్థం ఒక వస్తువు నుంచి దాని పక్క వస్తువుకు మారడానికి తెలుగులో దీనికి మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

మాధుకరం ఇంకో చిత్రం. తుమ్మెద పూవు పూవునా కొంచెం కొంచెం తీసుకున్నట్టు ఇంటింటా ఒక ముద్ద అడిగి తినడం దాని భావం. మధూకరం అనే రూపంలో అది కోస్తా ఊళ్ళలో పేద విద్యార్థుల చదువు కథల్లో భాగమైంది. వారాలు చేసుకుని చదవడం అనే మాట దాని పక్కనే నిలిచింది. ఒక ఇంట్లో ఒక రోజు కూర్చుని తినేది వారం. ఒక పూటకు పది గడపలు తొక్కేది మధూకరం.

మధువుకు మద్యం అనే అర్థం, వసంతం అనే అర్థం కూడా ఉన్నాయి. మధుమాసమంటే చైత్రం, మధుశాలంటే సారా తాగే చోటు. పాత పద్యంలో మధువు కనిపిస్తే అది తేనా, కల్లా, పూల రసమా అన్నది చుట్టూ ఉన్న మాటలే తేల్చాలి. తేనె అన్నప్పుడు తెలుగు పాఠకుడికి ఈ ఇబ్బంది దాదాపు ఉండదు.

తెనుగు తేనె నుంచి పుట్టిందా

ఈ మాట చుట్టూ పెరిగిన వాదాల్లో అన్నిటికన్నా చిక్కుపడింది భాష పేరు గురించినది. తేనె వంటిది కనుక తెనుగు, అదే తెలుగు అని సభల్లో, పాటల్లో, పాఠాల ముందుమాటల్లో వినిపిస్తుంది. తేనె, అగు కలిసి తేనగు, అది తెనుగు అయిందని దీని విడమరుపు. దీనికి ఎదురుగా కనీసం రెండు బలమైన వాదాలున్నాయి.

మొదటిది త్రిలింగ వాదం. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలోని విద్యానాథుడు శ్రీశైలం, కాళేశ్వరం, దక్షారామం అనే మూడు శివక్షేత్రాల నడుమ ఉన్న నేలగా ఈ దేశాన్ని వర్ణించాడు. 17వ శతాబ్దంలో అప్పకవి తెలుగు అనే పేరు త్రిలింగ నుంచే వచ్చిందని తేల్చి చెప్పాడు. అది వింత ఊహ అని, అప్పకవికి ముందువారికి అలాంటి వ్యుత్పత్తి తెలియదని సి.పి. బ్రౌన్ తోసిపుచ్చాడు. భారతీయ భాషల సర్వే చేసిన గ్రియర్సన్ కూడా తెలుగు అనే పేరే పాతదని, త్రిలింగ దానికి తరువాత తొడిగిన సంస్కృత రూపమని భావించాడు.

రెండోది దక్షిణ దిక్కు వాదం. గంటిజోగి సోమయాజి వంటి భాషావేత్తలు తెనుగులోని తెన్ అంటే దక్షిణం అన్నారు. తమిళంలో తెన్ అంటే నేటికీ దక్షిణమే. సంస్కృత ప్రాకృతాలు మాట్లాడే ఉత్తరాది వారికి దక్షిణాన ఉన్నవారు తెనుగులు అని ఈ వాదం. తెనుగు, తెలుగు అనే రెండు రూపాలకు కారణం నకార లకారాల మార్పిడి. మునుగు, ములుగు అనే జంటలోనూ అదే కనిపిస్తుంది.

తేనె వాదాన్ని ఈ రెండింటి పక్కన పెట్టి చూసేటప్పుడు తొందర పనికిరాదు. తేనెలో ఏ దీర్ఘం, తెనుగులో ఎ హ్రస్వం, కాబట్టి కుదరదని కొందరు కొట్టేస్తారు. ఆ ఒక్క కారణం చాలదు. ద్రావిడ ధాతువుల్లో దీర్ఘాచ్చు అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం ముందు కురచ కావడం భద్రిరాజు కృష్ణమూర్తి చూపిన మామూలు సంగతే. అసలు చిక్కు చివర ఉంది. పాత రూపాలు తెనుంగు, తెలుంగు. పొరుగున తమిళంలోనూ తెలుంగు. ఆ సున్న ఎక్కడిది? అగు అనే క్రియలో సున్న లేదు. నన్నయ నాటి తెనుఁగులోని అరసున్న కూడా అక్కడ ఒకప్పుడు నిండుసున్న ఉన్నట్టు చెబుతుంది. తేనె, అగు కలిసి ఆ సున్నను పుట్టించలేవు. పైగా భాషకు పేరు పెట్టినవారు దాని తీపిని చూసి పెట్టారనడానికి పాత శాసనాల్లో గాని, కావ్యాల్లో గాని ఊతం దొరకదు.

మాట పుట్టుకను నిర్ధారించడానికి ఏమి కావాలో వాడరేవు పేరు బాగా చూపిస్తుంది. చీరాల పక్కన బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఈ ఊరి పేరులో వాడ అంటే వీధి అనుకుంటే పేరు మొత్తం కుదరదు. పాత తెలుగులో వాడ అంటే ఓడ కూడా. కోస్తాలోని వాడబలిజల పేరులో ఆ అర్థం నేటికీ నిలిచి ఉంది. ఓడల రేవు వాడరేవు: ధ్వని కుదిరింది, పాత వాడుక సాక్ష్యం చెప్పింది, ఊరి బతుకు ఒప్పుకుంది. పక్కనున్న చీరాలను క్షీరపురి అని పిలవడంలో ధ్వని పోలిక ఉంది. మిగతా రెండు సాక్ష్యాలు అంత సులువుగా దొరకవు. త్రిలింగ, తేనె వాదాలు క్షీరపురి కోవలోవి. దక్షిణ దిక్కు వాదం వాడరేవు కోవకు దగ్గరగా వస్తుంది, పూర్తిగా చేరదు. తెన్ సరిపోయినా ఉంగు ప్రత్యయం పని ఏమిటో దానికీ విడమరచడం కష్టమే.

తేనె వాదం వ్యుత్పత్తిగా నిలవకపోయినా ప్రశంసగా దానికి విలువ ఉంది. తమిళులు తమ భాషను తేన్‌తమిళ్ అంటారు, కన్నడిగులు కస్తూరి కన్నడ అంటారు. మాటలు దాదాపు అన్నీ అచ్చులతో ముగిసే తెలుగు చెవికి జారుడుగా, మెత్తగా వినబడుతుంది. ఆ అనుభవానికి తేనె తగిన ఉపమానమే. ఉపమానాన్ని చరిత్రగా మార్చినప్పుడే చిక్కు వస్తుంది. భాష మీద ప్రేమ ఉన్నవారు దాని పేరు కథను కూడా జాగ్రత్తగా చెప్పాలి.

తీపి మాట, కత్తి అంచు

నుడికారంలో తేనె రెండు ముఖాలతో కనిపిస్తుంది. తేనెలొలికే మాటలు, తేనెలూరే పలుకు అన్నప్పుడు అది మెప్పు. తేనె పూసిన కత్తి అన్నప్పుడు హెచ్చరిక. తేనెతుట్టెను కదిపారంటే గొడవను కొనితెచ్చుకున్నారని అర్థం. తేనె తీసినవాడు వేళ్ళు నాకకుండా ఉంటాడా అనే సామెత పంచాయతీ లెక్కల దగ్గర, గుడి హుండీ దగ్గర వినబడుతుంది. ఉమ్మడి సొమ్ము పట్టినవాడి చేతికి కొంత అంటుకుంటుందని దాని భావం.

ఈగ విషయంలో మాత్రం వైరుధ్యం ఉంది. శతక కవులకు అది లోభికి గుర్తు. తాను తినక, ఒకరికి పెట్టక కూడబెట్టి చివరికి దారినపోయే వాడికి వదిలేస్తుంది. నేటి పాఠ్యపుస్తకాల్లో అదే ఈగ కష్టజీవి, ఐకమత్యానికి ఆదర్శం. ఈ మార్పు వెనుక పడమటి చదువుల ప్రభావం ఉందని అనుకోవచ్చు. దానధర్మాన్ని అన్నిటికన్నా మీద పెట్టిన సమాజం కూడబెట్టడాన్ని తప్పుగా చూసింది. పొదుపును, పనిని మీద పెట్టిన సమాజం దాన్నే మెచ్చుకుంది. పురుగు మారలేదు.

పాలు తేనెలు ప్రవహించే దేశం అనే మాట బైబిలు అనువాదాలతో వచ్చింది. ఒంగోలు చుట్టుపక్కల అమెరికన్ బాప్టిస్టు మిషను గట్టిగా పనిచేసింది. 1878 జులైలో వెలంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అప్పటి నుంచి ప్రార్థనల్లో, కీర్తనల్లో నలిగిన ఆ మాట నేడు ఎన్నికల ఉపన్యాసాల్లోనూ వినిపిస్తుంది.

పత్తిచేలో తేనె

గుంటూరు, ప్రకాశం మైదానాల రైతుకు తేనె అన్నిసార్లూ తీపి కాదు. పత్తి ఆకుల అడుగున తెల్లదోమ, పేనుబంక రసం పీల్చి తేనె వంటి జిగురును వదులుతాయి. దాని మీద నల్లటి బూజు పడుతుంది. అది మసి తెగులు. విచ్చిన కాయల మీద ఆ జిగురు పడితే దూది అంటుకుని మిల్లులో దారం తెగుతుంది. 1980ల నడుమ ఈ జిల్లాల పత్తిని తెల్లదోమ ముంచెత్తినప్పుడు ఆకు మీది మెరుపు అప్పుల ముందు వచ్చే గుర్తు అయింది. మిరపలోనూ పేనుబంక ఇదే పని చేస్తుంది.

ఈ ద్రవానికి రెండు పేర్లున్నాయి. వ్యవసాయ శాస్త్ర పుస్తకాలు తేనెమంచు అంటాయి; ఇంగ్లీషు పేరును ముక్కకు ముక్క మార్చగా వచ్చిన మాట అది. మామిడి పూత మీద పడే పురుగుకు తేనెమంచు పురుగు అనే పేరు అలా స్థిరపడింది. రైతు మాట బంక. పేనుబంకలో పురుగు, దాని పని రెండూ ఉన్నాయి. తేనెమంచులో తేనె లేదు, మంచూ లేదు. తెలియనివాడికి అది వరంలా వినబడుతుంది. నష్టాన్ని నష్టంగా చెప్పే పేరు ఉండగా అందమైన పేరును తెచ్చి పెట్టుకోవలసిన అవసరం కనబడదు.

హనీ

ఇంగ్లీషులో హనీ అనేది పిలుపు కూడా. 14వ శతాబ్దంలో చాసర్ రాతల్లోనే ప్రేయసిని తేనెపట్టు పేరుతో పిలవడం ఉంది. తెలుగు ఈ దారిన వెళ్ళలేదు. మాటను తేనె అంటారు గాని మనిషిని తేనే అని పిలవరు. బంగారం, బంగారుతల్లి, కన్నా, బుజ్జి అంటారు. ఇక్కడ ఒక చిత్రమైన కలయిక ఉంది. హనీ అనే మాట పాత అర్థం పసుపు లేక బంగారు రంగు కావచ్చని, సంస్కృత కాంచనంతో దానికి చుట్టరికం ఉండవచ్చని కొందరు వ్యుత్పత్తికారులు అంటారు. అదే నిజమైతే ఇంగ్లీషు భర్త హనీ అన్నా, తెలుగు భర్త బంగారం అన్నా మూలంలో ఒక మెరుపునే పిలుస్తున్నట్టు.

తెలుగు నేల మీద హనీ వేరే పనులకు దిగింది. ఆడపిల్లలకు ముద్దుపేరయింది. హనీమూన్‌కు దీటైన తెలుగు మాట ఏదీ నిలదొక్కుకోలేదు. హనీట్రాప్‌ను మాత్రం పత్రికలు వలపు వలగా మార్చుకున్నాయి. తేనెను పక్కన పెట్టి అసలు అర్థాన్ని పట్టుకున్న మంచి అనువాదం అది. స్లాబు పోసేటప్పుడు కాంక్రీటులో కంతలు మిగిలితే మేస్త్రీ హనీకోంబ్ వచ్చిందంటాడు. తేనెపట్టు వచ్చిందనడు.

సీసా మీద తేనె అని రాయడానికి ఏమి ఉండాలన్నది చట్టం తేల్చవలసి వచ్చింది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో నోటిఫై చేసిన ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. 2020లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పరీక్షించిన 13 బ్రాండ్లలో 10 స్వచ్ఛత పరీక్షల్లో నిలవలేదు. చక్కెర పాకానికి తేనె పేరు పెట్టడం మాట మీద కూడా దెబ్బే. కొనేవాడు పేరును నమ్మలేక పట్టు తేనె, పిండిన తేనె, పుట్టతేనె అని అదనపు మాటలు అడగవలసి వస్తోంది.

తేలకుండా ఉన్నవి

జున్నులో పాల వంట, తేనె అర్థాలు ఒకే మాట కొమ్మలా, లేక ధ్వనిలో కలిసిన రెండు వేరు మాటలా అన్నది తేలలేదు. రెండూ మెత్తగా, గళ్ళుగళ్ళుగా ఉంటాయన్న పోలిక ఉంది. కాని పోలిక సాక్ష్యం కాదు. నన్నెచోడుడు, పాల్కురికి సోమనాథుడు వాడిన జాను తెనుగులోని జానుకు తీయని, సొగసైన, తేటైన, దేశీయమైన అని పలు అర్థాలు చెప్పారు. కన్నడంలోని జాణ్ణుడితో దానికి సంబంధం ఉందన్న వాదానికి బలం ఎక్కువ. తీయని అన్న అర్థం మాత్రం తేనె వాదపు నీడలో పెరిగినట్టు కనిపిస్తుంది. తెనుంగులోని ఉంగు ప్రత్యయం పనిని ద్రావిడ భాషల్లోని ఇతర జాతి నామాలతో పోల్చి చూస్తేనే భాష పేరు చిక్కులో మరో అడుగు పడుతుంది. పుట్టతేనె, జుంటితేనె, పెర, తుట్టె అనే మాటలు ఏ మండలంలో ఏ ఈగకు, ఏ గూటికి చెల్లుతున్నాయో ఊరూరా తిరిగి నమోదు చేయవలసిన పని కూడా అలాగే మిగిలి ఉంది. నల్లమలలో పెంటలనే చెంచు గూడేల్లో, చీరాల తీరంలో పెద్దవాళ్ళ నోట ఆ మాటలు ఉండగానే దాన్ని మొదలుపెట్టాలి.